బుజ్జీ, ఆ సబ్మిట్ బటన్ దగ్గర జాగ్రత్త

బుజ్జీ,

కాలేజీ ఫీజు ఆన్‌లైన్లో కట్టే వెబ్ ఫారం తయారీ మొత్తం నీ చేతికే ఇచ్చారట, మీ నాన్న ఫోన్‌లో ఒకటే మురిసిపోయాడు. నాకూ గర్వంగానే ఉంది, కానీ డబ్బులతో పని అనేసరికి టెన్షన్ పట్టుకుంది.

గడి ఖాళీగా వదలకుండా రిక్వయిర్డ్ పెట్టడం, మొబైల్‌కి పది అంకెలు చూడటం నీకు తెలిసినవే. నింపినవి సరిగ్గా ఉన్నాయో చూసే తనిఖీని బటన్ క్లిక్‌కి కాదు, ఫారం పంపేటప్పుడు జరిగే సబ్మిట్ ఈవెంట్‌కి తగిలించు. పేరు గడిలో యూనికోడ్ (అన్ని లిపుల అక్షరాలకీ నంబర్లిచ్చే పద్ధతి) అక్షరాలని లెక్కేసినవాటినే ఒప్పుకునే రెజెక్స్, అంటే అక్షరాల వరుసని సరిచూసే సూత్రం, రాశావో, తెలుగులో రాము అని కొడితే చెల్లదంటుంది. దీర్ఘం, కొమ్ము ఆ లెక్కలో అక్షరాలు కావు, మార్కులు. వాటినీ రానివ్వు. ఇనీషియల్ తర్వాత చుక్కనీ రానివ్వు, మనవాళ్లకి అది లేకుండా పేరేది!

అసలు భయం డబుల్ క్లిక్. నేను పనిచేసిన ఒకచోట ఫీజు ఫారంలో బటన్ నొక్కాక పేజీలో ఉలుకూ పలుకూ ఉండేది కాదు. నెట్ స్లో. ఊళ్లో నెట్ సెంటర్‌లో కూర్చున్న తండ్రి, పని కాలేదేమో అని మళ్లీ నొక్కేవాడు, రెండుసార్లు డబ్బు కట్. ఒకాయన రెండు రసీదులూ పట్టుకుని ఆఫీసుకొచ్చాడు. ఎరువులకని దాచుకున్న డబ్బట. రీఫండ్ కోసం ఆయన్ని ఎన్నిసార్లు తిప్పారో! అప్పుడు మా టీమ్ వాళ్లు చేసిన ఘనకార్యం, నొక్కగానే బటన్ డిసేబుల్ చేసేయడం. తనిఖీలో తప్పు దొరికినా బటన్ బూడిదరంగులోనే ఉండిపోయేది, తప్పు దిద్దుకున్నా నొక్కడానికి లేదు. ఇక తనిఖీ దాటి డబ్బు కట్ అయినవాళ్లు కూడా, పేజీ కదలట్లేదని రిఫ్రెష్ చేసి మళ్లీ కట్టేవాళ్లు, రెండో కోత షరా మామూలే. చివరికి సర్వర్‌లో, ఒక విద్యార్థికి ఒక టర్మ్ ఫీజుకి ఒకటే చెల్లింపు నంబరు ఉండేలా డేటాబేసులో యూనిక్ (అదే వివరం రెండోసారి చేరనివ్వని నియమం) పెడితేగానీ అది తీరలేదు.

నువ్వు మాత్రం తనిఖీ దాటాకే బటన్ ఆపు, పక్కన ‘పంపుతున్నాం, ఆగండి’ అని రాయి, నెట్ తెగితే బటన్ మళ్లీ తెరువు. పేజీలో కంటికి కనిపించని హిడెన్ ఫీల్డులో వచ్చిన ఫీజు మొత్తాన్ని నమ్మావంటే మాత్రం నేనూరుకోను, అది ఎవడైనా బ్రౌజర్లోనే మార్చేయగలడు. ఎంత కట్టాలో సర్వరే లెక్కేసుకోవాలి.

‘ఇవన్నీ తెలుసులే బాబాయ్’ అంటావు, అను. ఆదివారం ఇంటికి ల్యాప్‌టాప్ పట్టుకురా తల్లీ, నెట్‌ని కావాలని స్లో చేసి మీ నాన్న చేత ఆ ఫారం నింపిద్దాం. ఆయన ఏ బటనైనా రెండుసార్లు నొక్కకుండా ఉండడు.

మీ బాబాయి