దేవుడు క్షమించాడు, మరి వదిన?

ప్రశ్న: నాకు 51 ఏళ్లు. తెనాలి దగ్గర పల్లె మాది. పుట్టినప్పటి నుంచీ చర్చిలోనే పెరిగాను. పన్నెండేళ్ల క్రితం మా అబ్బాయి ఇంజనీరింగ్ ఫీజు కోసం అమ్మ బీరువాలోంచి అయిదు కాసుల గొలుసు ఎవరికీ చెప్పకుండా తీసి బ్యాంకులో కుదువ పెట్టాను. విడిపించలేకపోయాను, వేలంలో పోయింది. అమ్మ అనుమానం వదిన మీదికి మళ్లింది. నేను నోరు మెదపలేదు. అమ్మ అదే అనుమానంతో కన్నుమూసింది. ఇప్పటికీ క్రిస్మస్‌కి మా ఇంటికి వస్తే వదిన బీరువా ఉన్న గదిలోకి అడుగు పెట్టదు. దుప్పటి కావాలన్నా పిల్లల్ని పంపుతుంది. ఒక తప్పు చేశానని మాత్రం చెబితే మా పాస్టరుగారు, ‘యేసు రక్తం కడిగేసింది, ఇక మరిచిపొండి’ అన్నారు. మావారు జరిగిపోయిన దాన్ని తవ్వొద్దంటారు. కానీ ప్రభు బల్ల, అంటే యేసు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆచారం, ఉన్న ఆదివారం అందరూ ముందుకు వెళుతుంటే, నేను బయటికొచ్చి చెప్పులు వెతుక్కుంటున్నట్టు నిలబడతాను. దేవుడు నన్ను నిజంగా క్షమించాడా?

జవాబు: క్షమించాడా అన్న ప్రశ్నకు జవాబు మీకు తెలుసు. మన పాపాలు మనం ఒప్పుకుంటే క్షమించడానికి ఆయన నమ్మదగినవాడని యోహాను మొదటి పత్రిక మొదటి అధ్యాయంలోని 9వ వచనం చెబుతుంది. అది మీకు కంఠతా వచ్చే ఉంటుంది. ఇన్నేళ్లు దాటితే చెల్లదన్న గడువు అక్కడ లేదు. కాబట్టి పాస్టరుగారి మాటలో మొదటి సగం నిఖార్సయిన నిజం. ‘మరిచిపొండి’ అన్న రెండో సగంతోనే నాకు పేచీ. అయినా ఆయన్ని తప్పుపట్టలేను. ఎవరికి ఏం చేశారో చెప్పకుండా ఒక తప్పు చేశానంటే ఆయన మాత్రం ఇంకేం చెప్పగలరు?

మీరు మరిచిపోగలరేమో, మీ వదినకు ఆ వీలు లేదు. దుప్పటి కోసం పిల్లల్ని పంపే మనిషి తన మీద పడ్డ నిందను రోజూ గుర్తు పెట్టుకునే బతుకుతోంది. దేవుణ్ని మీరు పన్నెండేళ్లుగా అడుగుతున్న క్షమాపణలో ఒక భాగం ఆయన దగ్గర లేదు. అది మీ అన్నయ్య ఇంట్లో ఉంది.

ఇక్కడ చాలామంది దావీదు రాజును అడ్డం పెట్టుకుంటారు. ‘నీకు కేవలము నీకే విరోధముగా నేను పాపము చేసియున్నాను’ అని 51వ కీర్తనలో ఉంది కదా, మనుషులతో పనేముందంటారు. ఆ కీర్తన పరాయి భార్య బత్షెబతో చేసిన పాపం విషయంలో నాతాను ప్రవక్త వచ్చి నిలదీసిన తర్వాతిదని దాని శీర్షికే చెబుతోంది. అప్పటికి ఆమె భర్త ఊరియా యుద్ధంలో చనిపోయాడు, చంపించింది దావీదే. వెళ్లి కాళ్లు పట్టుకుందామన్నా ఆ మనిషి లేడు. మీ వదిన బతికే ఉన్నారు. దావీదుకు దక్కని అవకాశం మీకుంది.

అయితే వదినతో చెబితేనే దేవుడు క్షమిస్తాడని నేను అనడం లేదు. ఆ మాటంటే కృపకు ధర కట్టినట్టే. లూకా సువార్త 19వ అధ్యాయంలో పన్ను వసూలుదారు జక్కయ్య కథ చూడండి. ముందు యేసు, నేడు నీ ఇంట ఉంటానని తానే అన్నాడు. అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానని జక్కయ్య అన్నది ఆ తర్వాత. తప్పు ఒప్పుకుని, తీసుకున్నదానికి అయిదో వంతు కలిపి ఇస్తే చాలన్నది పాత నిబంధనలో సంఖ్యాకాండంలోని విధి. అతను లెక్క చూసుకోలేదు. కనికరం దొరికిన మనిషికి చెయ్యి దానంతటదే విప్పుకుంటుంది. మీకు ఆ కనికరం దొరకలేదని కాదు. దొరికినదాన్ని పట్టుకుని మీరు గుమ్మం దాటలేదు, అంతే.

ప్రభు బల్ల సంగతి. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో పౌలు, మనిషి తన్ను తాను పరీక్షించుకుని తినాలన్నాడు. పరీక్షించుకుని బయట నిలబడమనలేదు. అలాగని మత్తయి 5వ అధ్యాయంలో ప్రభువు మాటను దాటవేయలేం: సహోదరునికి నీ మీద విరోధం ఉందని బలిపీఠం దగ్గర గుర్తొస్తే అర్పణ అక్కడే పెట్టి, వెళ్లి సమాధానపడి, మళ్లీ వచ్చి అర్పించు. వెళ్లమన్నాడు, తిరిగి రమ్మనీ అన్నాడు. మీరు మొదటి సగం దగ్గరే, అదీ చెప్పుల దగ్గర, ఆగిపోయారు.

కాబట్టి వెళ్లండి. ఫోనులో వద్దు, వాట్సాప్‌లో అసలే వద్దు. మీవారిని అనుమతి అడగకండి, వెళుతున్నానని మాత్రం చెప్పండి. రేపు వదిన ముందు ఆయనా తలెత్తుకోలేరు కదా, ఆయన భయం అదే అయివుంటుంది. పాస్టరుగారిని వెంట తీసుకెళితే వదిన మనసులో ఉన్నది బయటపెట్టలేరు, ఆయన ఎదుట క్షమించానని అనక తప్పదు. అలాంటి క్షమాపణ మీకెందుకు? ముందు వదినతో ఒంటరిగా, ఆ వెంటనే అన్నయ్యతో చెప్పండి. ఆ నింద చెవిన పడిన పిన్నిలు, మేనత్తలు ఉంటే, వాళ్లకూ మీ నోటితోనే నిజం చెబుతానని వదినకు మాటివ్వండి. నింద నలుగురిలో పడింది, ఇద్దరి మధ్య చెప్పుకుంటే పోదు.

డబ్బు విషయం కూడా తేల్చండి. అమ్మ వీలునామా రాయకపోతే, క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం కొడుకుకూ కూతురుకూ సమాన వాటా. నాన్నగారు అప్పటికే లేకపోయి, పిల్లలు మీరిద్దరే అయితే ఆ గొలుసులో సగం అన్నయ్యది. నాటి ధర కాదు, నేటి ధర కట్టండి. ఒకేసారి ఇవ్వలేకపోతే వాయిదాల్లో ఇవ్వండి. కానీ వెళ్లిన రోజునే కవరు చేతిలో పెట్టకండి. డబ్బిచ్చి నోరు మూయించినట్టుంటుంది.

వదిన క్షమిస్తారో లేదో నేను చెప్పలేను. ఏడ్వవచ్చు, తలుపు వేసుకోవచ్చు, ఏడాదిపాటు మీ గడప తొక్కకపోవచ్చు. ‘దేవుడే క్షమించాడు, నువ్వెంత’ అన్న ధోరణి మాత్రం మీ మాటలో ఎక్కడా రానివ్వకండి. అబ్బాయి ఫీజు సంగతి ఆ రోజు ఎత్తవద్దు, అడిగితేనే చెప్పండి. వచ్చే ప్రభు బల్ల ఆదివారానికి ముందే రోజు ఖాయం చేసుకోండి, క్రిస్మస్ దాకా వాయిదా వేయకండి.