ఊరందరికీ తెలిసిన రహస్యం

ప్రశ్న: హత్యలు జరిగే కథలైనా, చిన్న ఊళ్లో నడిచే అపరాధ పరిశోధక నవలలూ పాత టీవీ ధారావాహికలూ మనసుకు హాయినిస్తాయి. ఎందుకండీ? – ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అక్కడ ఎవరూ ఎవరికీ కొత్తవారు కారు. ఇంగ్లిష్ రచయిత్రి అగాథా క్రిస్టీ నవలల్లో 1930లో తొలిసారి కనిపించిన వృద్ధ మహిళ మిస్ మార్పుల్, సెయింట్ మేరీ మీడ్ పల్లెలో తాను గమనించిన మనుషుల తీరుతో పోల్చి చూసుకుని నేరస్థులను పట్టుకుంటుంది. 1984 నుంచి 1996 వరకు అమెరికాలో ప్రసారమైన ‘మర్డర్, షీ రోట్’ ధారావాహికలో హత్యల గుట్టు విప్పే రచయిత్రి జెస్సికా ఫ్లెచర్‌ది క్యాబట్ కోవ్ అనే తీరపు ఊరు. (అంత చిన్న ఊళ్లో అన్ని హత్యలేమిటని నాకు నవ్వు వస్తుంటుంది.) మీ ట్రంకు రోడ్డులోని టీకొట్టు యజమానికి ఈరోజు ఎవరు రాలేదో తెలిసినట్టే, ఆ కథల్లోనూ అలవాటు తప్పిన మనిషే తొలి ఆధారమవుతాడు, రక్తపాతం తెర వెనకే ఉండిపోతుంది, ఊరు మళ్లీ తన పనుల్లో పడుతుంది.