అప్పన్నలందరూ ఒక్క అప్పన్న కారు

చిరంజీవి అమ్మాయికి,

చిన్నతాతయ్య ఆశీస్సులు. దక్షిణాఫ్రికాలోని నేటాలుకు కూలీగా వెళ్లి తిరిగిరాని మా తాతగారి తమ్ముడు అప్పన్నను నువ్వు ఓడ జాబితాల్లో వెతకబోతున్నావని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. మన ఇంట్లో ఆయన్ని తలుచుకునే మనిషి మళ్లీ పుట్టిందని ఎంత పొంగిపోయానో చెప్పలేను. కానీ డర్బన్‌లో ఒక కుటుంబం తమ మూలపురుషుడూ అప్పన్నేనంటూ అప్పుడే నీతో మాట్లాడుతోందని విన్నాక రాత్రి నిద్ర పట్టలేదు.

చూసిన ప్రతి కాగితానికీ దస్త్రం పేరు, పుట సంఖ్య, తేదీ రాసుకో. పేరు ఎలా రాసి ఉంటే అలాగే దించు, సరిదిద్దకు. ఇవి నీకు తెలిసినవే.

ట్రూరో ఓడ మద్రాసు నుంచి బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది మొదలు 1911 దాకా 1,52,000 మందికి పైగా మన దేశంవాళ్లు ఒప్పంద కూలీలుగా నేటాలులో దిగారు. సింహాద్రి అప్పన్నను కొలిచే మన ప్రాంతం నుంచి వెళ్లినవారిలో అప్పన్నలు ఎందరుంటారో నువ్వే ఆలోచించు. ఇంటిపేరు ఆ జాబితాల్లో సాధారణంగా కనిపించదు. తండ్రి పేరు ఉంటుంది కదా అంటావేమో. తాత పేరు మనవడికి పెట్టుకునే మనలో రాముడి కొడుకు అప్పన్న, అప్పన్న కొడుకు రాముడు, ఆ రాముడి కొడుకు మళ్లీ అప్పన్న అవుతాడు కనుక, తండ్రీకొడుకుల పేర్లు రెండూ కలిసినా మధ్యలో రెండు తరాలు తేడా ఉండవచ్చు. ఊరి పేర్లూ అంతే, మన వైపు వలసతో ముగిసే ఊళ్లకు లెక్క లేదు. శ్రీకాకుళం 1936 దాకా గంజాం జిల్లాలో ఉండేది కాబట్టి, గంజాం అని కనిపించగానే ఒడిశా మనిషని పక్కన పెట్టకు.

అక్కడ దిగిన ప్రతి మనిషికీ ఒక సంఖ్య ఇచ్చేవారు. ఒప్పందం, పెళ్లి, మరణం వంటి కాగితాలలో మనిషి వెంట నడిచేది ఆ సంఖ్యే. పేరు ఎన్ని రకాలుగా మారినా దాన్ని వదలకు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. ముప్పై ఏళ్ల క్రితం నేటాలు నుంచి ఒక పెద్దాయన తన తాత ఊరు కనిపెట్టమని నాకు రాశారు. పేరు అప్పన్న, తండ్రి రాముడు, ఊరు కొత్తవలస. పాత దస్త్రాలు చదువుకునే గది మూసే వేళకు ఆ మూడూ కలిసిన వరుస ఒకటి దొరికింది. మూడు గడులూ గబగబా దించుకున్నాను. చివరి గడిలో ఒంటి మీద గుర్తులుంటాయి, ఆ పక్కన ఏవో చిన్న అక్షరాలు కూడా ఉన్నాయి. రేపు వచ్చి చూద్దామనుకున్నాను, చూడలేదు. ఆయన భార్యతో, కూతురితో వచ్చారు. నేనే వెంటబెట్టుకుని మన వైపున్న కొత్తవలసకు తీసుకెళ్లాను. అక్కడ ఒక ముసలమ్మ ఆయన కాళ్లు కడిగి, ఆయన అరచేతిని తన చెంపకు ఆనించుకుని ఏడ్చింది. పెరట్లో మన్ను గుప్పెడు జేబురుమాలులో మూటగట్టి ఇచ్చింది.

ఆరేళ్ల తరువాత వేరే పని మీద అదే పుట చూడవలసి వచ్చింది. ఆ అప్పన్నకు ఎడమ పిక్క మీద మచ్చ. పక్కనున్న చిన్న అక్షరాలలో, వచ్చిన రెండో ఏడే తోటలో మరణించాడని ఉంది. ఆ పెద్దాయన తాత ఇరవై ఏళ్ల తరువాత కొడుకు పెళ్లి చేసిన మనిషి. వారిది వేరే కొత్తవలస. వారం రోజులు ఆలోచించి నిజం రాశాను. కూతురు జవాబు రాసింది: నాన్నగారు పోయారనీ, ఆ మన్ను పూజగదిలో ఉందనీ, దాన్ని ఇప్పుడేం చెయ్యాలో చెప్పమనీ. ఆ ఉత్తరం నా బీరువాలోనే ఉంది. ఏం రాయాలో ఇప్పటికీ తెలియలేదు, తల్లీ.

కాబట్టి దొరికిన ప్రతి అప్పన్నకూ వేరే పుట పెట్టు, ఇద్దరిని ఒకే పుటలోకి తేవడానికి తొందరపడకు. వయసులో నాలుగైదేళ్ల తేడా ఉంటే కంగారుపడకు, ఆ రోజుల్లో వయసులు ఉజ్జాయింపుగా చెప్పినవే. ఒక తోటలో చనిపోయినవాడు తరువాతి ఏడు ఇంకో తోటలో పెళ్లి చేసుకున్నట్టు కనిపిస్తే మాత్రం, మిగిలినవన్నీ ఎంత చక్కగా కలిసినా, వారు ఇద్దరు మనుషులే. బంధుత్వం కలిసినట్టు ఆ కుటుంబానికి ఇప్పుడే ఒక్క మాట కూడా రాయకు. వారి అప్పన్న సంఖ్య మాత్రం అడుగు. వాళ్లకు ఆశ పుట్టాక వెనక్కి తీసుకోవడం నీ వల్ల కాదు.

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. మన అప్పన్న చిటికెన వేలు చిన్నప్పుడు చెరకు గానుగలో నలిగిపోయిందని మా నాయనమ్మ చెప్పేది. ఎడమ చెయ్యో కుడి చెయ్యో చెప్పలేదు, నేనూ అడగలేదు, నువ్వూ ఊహించి రాసుకోకు. చివరి గడి పూర్తిగా చదివి, ఆ వేలు గురించి ఏమైనా ఉంటే నాకు ఫోను చెయ్యి. అర్ధరాత్రయినా ఫరవాలేదు, లేచే ఉంటాను.

నీ
చిన్నతాతయ్య