వీధి కళకళలాడాలంటే రోడ్డు వెడల్పు చేస్తే సరిపోతుందా?

సరిపోదు, వీధికి కళ వచ్చేది పొద్దున్నుంచి రాత్రి దాకా ఏదో ఒక పని మీద మనుషులు నడిచి తిరగడం వల్లే. కింద కొట్లు, పైన ఇళ్లు, నీడకి నాలుగు చెట్లు ఉండి బండ్లు మెల్లగా వెళ్తుంటే జనం ఆగుతారు, మాట్లాడుకుంటారు, అందరి కళ్లూ వీధి మీదే ఉంటాయి కాబట్టి పిల్లల్ని బయటికి పంపడానికీ అంత భయం ఉండదు. అదే పొడుగాటి కాంపౌండ్ గోడ పక్కన అయితే ఎంత మంచి ఫుట్‌పాత్ వేసినా నడవాలనిపించదు.

చాలామంది ఏమనుకుంటారంటే వీధిలోకి కార్లు రాకుండా ఆపేస్తే వ్యాపారం పడిపోతుందని. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో స్ట్రోయెట్ అనే వీధిలో 1962లో కార్లు ఆపినప్పుడు అక్కడి షాపులవాళ్లూ ఇలాగే భయపడ్డారు, తీరా చూస్తే నడిచొచ్చే జనం పెరిగి ఇప్పుడది ఆ ఊళ్లో బాగా పేరున్న షాపింగ్ వీధి అయింది.