తాతకు ఎండంటే లెక్కలేదు, మనవరాలికి నిద్ర లేదు

ప్రశ్న: డాక్టరు గారూ, మాది తిరుపతి. మూడంతస్తుల ఇంట్లో పై అంతస్తులో ఉంటాం. మా మామగారికి 68 ఏళ్లు, బీపీ, షుగరు ఉన్నాయి. పాకాల దగ్గర మామిడి తోపు ఉంది. కాయ కోతలని రోజూ పొద్దున పదింటికి బయల్దేరి మధ్యాహ్నం దాటేదాకా అక్కడే ఉంటారు. వద్దంటే, "ఎండలు మనకు కొత్తా? రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మా అవ్వ కాలం నుంచీ చెప్తానే ఉండారు" అంటారు. మా అమ్మాయికి 19, డిగ్రీ చదువుతోంది. రాత్రుళ్లు ఫోనులో ఎండల వార్తలు, మంచు కరిగే వీడియోలు చూస్తూ పడుకోదు. "ఇంకో ఇరవై ఏళ్లకు ఈ ఊళ్లో మనుషులు బతకగలరా, నేను చదివి ఏం లాభం" అని ఏడుస్తుంది. ఇద్దరికీ రోజూ వాదనే. నాక్కూడా ఈమధ్య ఊరికే కోపం వస్తోంది. ఇద్దరిలో ఎవరిది సరి? అమ్మాయిని మానసిక వైద్యులకు చూపించాలా?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, మీరు అమ్మాయి గురించి అడిగారు. నాకు మాత్రం ముందు భయం వేసింది మీ మామగారి గురించి. అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆయన చెప్పే మాట అబద్ధం కాదు. తిరుపతి, రేణిగుంట, శ్రీకాళహస్తి వైపు ఎండలు ఎప్పుడూ గట్టివే. గంగమ్మ జాతర మే నెలలో వస్తుంది, ఆ రోజుల్లో అమ్మవారికి అంబలి పోసి అందరికీ పంచే ఆచారం మన పెద్దలకు ఎండ సంగతి తెలియకుండా పుట్టిందా? అయితే ఆయన లెక్కలో ఒకటి మరిచిపోతున్నారు. అవ్వ కాలంలో ఆ ఎండలో నిలబడ్డది ముప్ఫై ఏళ్ల మనిషి. మాత్రలు వేసుకోని మనిషి. సాయంత్రం వేప చెట్టు కింద మంచం వేసుకుని, చల్లబడ్డాక పడుకున్న మనిషి. ఇప్పుడు నిలబడుతున్నది 68 ఏళ్ల బీపీ, షుగరు మనిషి, ఇంటికొచ్చాక పడుకునేది కాలిన స్లాబు కింద. ఎండ మారకపోయినా ఆయన మారారు.

ఎండ కూడా మారింది. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క ప్రకారం 2024 ఇప్పటిదాకా నమోదైన అన్నింటిలోకీ వేడి సంవత్సరం, పరిశ్రమలు రాకముందు కాలం కంటే భూమి సగటున సుమారు 1.55 డిగ్రీలు ఎక్కువ వేడెక్కింది. మన దేశంలో 1901 నుంచి లెక్కలున్నాయి, అందులోనూ 2024దే మొదటి స్థానం. 2015 వడగాలులు ఆయనకు గుర్తుండే ఉంటాయి. ఆ ఒక్క వేసవిలో దేశంలో రెండు వేల మందికి పైగా పోయారు, అందులో ఎక్కువమంది మన తెలుగువాళ్లే.

వయసు పెరిగేకొద్దీ దాహం మొద్దుబారుతుంది. ఒంట్లో నీళ్లు తగ్గినా గొంతు అడగదు. ఏళ్ల తరబడి షుగరు ఉన్నవాళ్లలో నరాలు దెబ్బతిని చెమట కూడా సరిగా పట్టదు, ఒంటిని చల్లబరిచే ప్రధాన దారి అదే కదా. ఇక మాత్రలు. బీపీ మాత్రల్లో చాలావాటిలో హైడ్రోక్లోరోథయాజైడ్ లాంటి మూత్రం జారీ చేసే మందు కలిపి ఉంటుంది. అది నీళ్లతోపాటు సోడియంనూ బయటికి పంపుతుంది. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగరు మాత్ర చక్కెరను మూత్రంలోకి తోస్తుంది, ఆ చక్కెర వెంట నీళ్లూ పోతాయి. టెల్మిసార్టాన్ అనే బీపీ మాత్ర మంచి మందే, కానీ ఒళ్లు ఎండిపోయిన రోజున మూత్రపిండాల మీద భారం పడుతుంది. మెటోప్రొలాల్ లాంటి బీపీ మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు. వేడిని చర్మం దాకా మోసుకెళ్లేది రక్తం కాబట్టి అక్కడా ఇబ్బందే. ఇవన్నీ చదివి మాత్రలు ఆపేయకండి, దయచేసి. సొంతంగా ఆపితే పక్షవాతం రావచ్చు. వేసవికి మోతాదు మార్చాలా అన్నది ఆయన్ని చూసే డాక్టరు తేల్చాలి. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, ఏమీ తాగలేకపోతున్నా మాత్రం అదే రోజు ఫోన్ చేసి, ఏ మాత్ర వేసుకోవాలో ఏది ఆపాలో అడగాలి.

తోపుకు పోవద్దని ఆయనతో వాదించకండి. ఓడిపోతారు. కాయ మీద ప్రాణం పెట్టుకున్న మనిషిని కోతల సమయంలో ఇంట్లో కూర్చోబెట్టలేం. వేళ మార్చమనండి. తెల్లవారుజామున ఐదుకు పోయి, పది కాకముందే తిరిగి రావచ్చు. అసలు పాతకాలపు పద్ధతి కూడా అదే, ఆయనకే గుర్తు చేయండి. కోసిన బేనీషా మామిడికాయలు దామలచెరువు మండీకి తోలే పని ఇంకొకరికి అప్పజెప్పమనండి. పనిలో ఉన్నంతసేపూ, దాహం వేసినా వేయకపోయినా ఇరవై నిమిషాలకొక గ్లాసు నీళ్లు. గుండె బలహీనమనో, మూత్రపిండాల సమస్య అనో డాక్టరు నీళ్లకు కొలత పెట్టి ఉంటే ఆ కొలతే పాటించాలి. పలచటి మజ్జిగ, రాగి అంబలి మేలు, ఉప్పు తగ్గించి. బాగా చెమట పోసి నీరసపడితే లీటరుకు సరిపడే ఓఆర్ఎస్ పొట్లం ఒకటి, సరిగ్గా లీటరు నీళ్లలో కలపాలి. సగం పొట్లం గ్లాసులో వేసుకోవడం తప్పు. షుగరు ఉన్న మనిషి దాన్ని మంచినీళ్లలా రోజంతా తాగడమూ తప్పే. కూల్‌డ్రింకుల జోలికి పోనే వద్దు.

ఒక్క విషయం మాత్రం ఇంట్లో అందరికీ నోటికి రావాలి. ఎండలో ఉన్న మనిషి మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, తూలినా, ఒళ్లు కాలిపోతూ మత్తుగా ఉన్నా అది వడదెబ్బే. చెమట పడుతోంది కదా అని ధీమా వద్దు, పనిలో ఉండగా వచ్చే వడదెబ్బలో చెమట కూడా ఉండొచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. బండి వచ్చేలోపు నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు గుమ్మరిస్తూ విసరాలి. బోరు మోటారు దగ్గరుంటే దాని కిందే పడుకోబెట్టండి. మెడ, చంకలు, గజ్జల్లో తడిబట్టలో చుట్టిన ఐసు పెట్టాలి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో చుక్క నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. డోలో మాత్ర ఇక్కడ పనిచేయదు. జ్వరంలో వేడిని పెంచేది మెదడు, ఆ మాత్ర మెదడుకు చెప్పి తగ్గిస్తుంది. వడదెబ్బలో వేడిని పెంచింది మెదడు కాదు, బయటి నుంచే తగ్గించాలి. ఉల్లిపాయ రసం పూసే అలవాటు మన ఊళ్లలో ఉంది. దాంతో హాని లేదు గానీ ఆ పది నిమిషాలు నీళ్లు పోయడానికి వాడితే ప్రాణం దక్కుతుంది.

ఇక అమ్మాయి సంగతి. ఆమెది పిచ్చీ కాదు, పిరికితనమూ కాదు. 2021లో మన దేశంతో సహా పది దేశాల్లో 16 నుంచి 25 ఏళ్ల వాళ్లు పది వేల మందిని అడిగారు. వాతావరణ మార్పు గురించి తీవ్రంగా ఆందోళన పడుతున్నామన్నవాళ్లు 59 శాతం. ఆ దిగులు రోజువారీ జీవితాన్నే దెబ్బతీస్తోందన్నవాళ్లు 45 శాతానికి పైనే. జరుగుతున్నది నిజం, దానికి మనసు కదలడం సహజం. "అంత ఆలోచించకు" అని ఆమెతో అనకండి. ఆ మాట అన్నప్పుడల్లా తను ఒంటరినని ఆమెకు ఇంకాస్త గట్టిగా అనిపిస్తుంది.

కానీ ఆమెకు నిద్ర కరువైంది, దానికి విరుగుడు కావాలి. స్లాబు పగలంతా తాగిన వేడిని రాత్రి గదిలోకి వదులుతుంది. పై అంతస్తు వాళ్లకు అది బాగా తెలుసు. ఒళ్లు కొంచెం చల్లబడితేనే నిద్ర పడుతుంది. అది పట్టనప్పుడు చేతికి దొరికేది ఫోను, ఫోనులో దొరికేది భయం. పొద్దున దుఃఖంలా కనిపించేదానిలో సగం నిద్రలేమే. మీ కోపం కూడా అక్కడిదే. మీరు మీ గురించి ఒక్క ముక్కే రాసి ఊరుకున్నారు. ఆ ఇంట్లో అన్నిటికన్నా వేడి గది వంటిల్లే కదమ్మా, మధ్యాహ్నం పూట పొయ్యి దగ్గర నిలబడేది మీరే కదా? వంట పొద్దున ఏడుకల్లా ముగించండి. సంగటి, పచ్చడి, మజ్జిగతో మధ్యాహ్నం గడిచిపోతుంది. మీ నీళ్ల సీసా మీకు వేరుగా పెట్టుకోండి.

ఎండాకాలంలో తిరుమల మాడవీధుల్లో భక్తుల కాళ్లు కాలకుండా తెల్లటి కూల్ పెయింట్ వేస్తారు, చూసే ఉంటారు. తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది. మీ మిద్దె మీద కూడా ఆ పెయింటు, లేదా సున్నం రెండు పూతలు వేయించండి. ఆ పని అమ్మాయికి అప్పగించండి. పడుకునే ముందు తల తడవకుండా స్నానం, కిటికీకి తడి గుడ్డ, మిద్దె మీద గాలి ఆడుతుంటే అక్కడే పక్క. గదిలో వేడి 40 డిగ్రీలు దాటితే ఉత్త ఫ్యాను వేడి గాలినే ఒంటికి కొడుతుంది, అప్పుడు ఒళ్లు తడి చేసుకుంటూ ఉండాలి. రాత్రి తొమ్మిది తర్వాత ఫోను హాల్లో ఉండాలి, ఆమెది ఒక్కటే కాదు, మీ అందరివీ.

మామగారికీ అమ్మాయికీ వాదన అంటున్నారు. నాకైతే ఇద్దరూ ఒకే భయం గురించి మాట్లాడుతున్నారనిపిస్తోంది. పూత రాలడం, పిందె నిలవకపోవడం ఆయన కళ్లతో చూసే ఉంటారు. ఎండ మారిందని ఒప్పుకుంటే, ముప్ఫై నలభై ఏళ్లు సాకిన తోపు ఏమవుతుందో కూడా ఆలోచించాలి. అది ఆ వయసులో చిన్న మాట కాదు. అమ్మాయిని ఒకరోజు తెల్లవారుజామున ఆయన వెంట తోపుకు పంపండి. పూత ఎప్పుడొచ్చేది, ఇప్పుడెప్పుడొస్తోంది, బావిలో నీళ్లు ఎంత లోతున ఉండేవి అని అడిగి రాసుకోమనండి. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఏ మండలానికి వడగాలుల హెచ్చరిక ఇచ్చిందో రోజూ ఒక్కసారి చూసి తాతకు చెప్పడం ఆమె పని. ఎండల వార్తల్లో ఆమె చూడాల్సింది అంతవరకే.

మానసిక వైద్యుల దగ్గరికి ఎప్పుడంటే, నిద్ర సర్దుకున్నాక కూడా రెండు వారాలకు పైగా దిగులు వదలకపోయినా, తిండి మానేసినా, కాలేజీకి పోనన్నా. చనిపోతానన్న మాట నోట వస్తే మాత్రం రెండు వారాలు ఆగకండి, ఆ రోజే, ఆమెను ఒంటరిగా వదలకుండా. తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్‌కు, 14416 నంబరులో, ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఈ వారంలోనే మామగారిని ఆయన డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకుని పోండి. రక్తంలో సోడియం, పొటాషియం, క్రియాటినిన్ పరీక్షలు అడగండి, నిలబడి ఒకసారి, పడుకుని ఒకసారి బీపీ చూడమనండి. అమ్మాయిని కూడా వెంట తీసుకెళ్లండి. తాత మాత్రల్లో వేసవికి ఏది మార్చారో చీటీ మీద రాసుకునేది ఆమే కావాలి.