బృందం ఉన్నా పిలవడం లేదన్న ప్రశ్నకు సమాధానం

సిస్టర్ గారూ, వార్డులో రోగి పరిస్థితి దిగజారితే వెంటనే వచ్చి చూసే అత్యవసర స్పందన బృందం ఆస్పత్రిలో ఉన్నా రాత్రిపూట మీ వార్డు నర్సులు దాన్ని పిలవడం లేదని, "ముందు నన్నెందుకు అడగలేదు" అని డ్యూటీ డాక్టరు కోప్పడతారన్న భయమే కారణమని రాశారు. మరో శిక్షణ తరగతి పెడితే ఇది తీరదు. పిలవాలా వద్దా అన్న నిర్ణయ భారాన్ని నర్సు మీద నుంచి తీసి కాగితం మీద పెట్టండి.

శ్వాస, బీపీ, నాడి వంటివి ఎంత తేడాగా ఉంటే అన్ని పాయింట్లు వేసి కూడే పట్టిక, బ్రిటన్‌లో వాడే న్యూస్ 2. అందులో మొత్తం స్కోరు 5 లేదా 6 వస్తే డాక్టరు త్వరగా వచ్చి చూడాలి. 7 గానీ అంతకు మించి గానీ వస్తే అత్యవసర బృందమే రావాలి. ఈ అంకెలను సూపరింటెండెంట్ సంతకంతో గోడకు అతికించండి. డాక్టరుకూ అదే సమయంలో కబురు పంపండి, అనుమతి కోసం మాత్రం ఆగవద్దు.

అంతకంటే ముందు శ్వాసల లెక్క సరిచూడండి. చార్టులో వార్డంతా 18, 18, 20 అని కనిపిస్తే అది లెక్కపెట్టింది కాదు, ఊహించి రాసింది! నిమిషానికి 25 శ్వాసలుంటే న్యూస్ 2లో ఆ ఒక్కదానికే 3 పాయింట్లు. బీపీ ఇంకా నిలకడగా ఉండగానే శ్వాస వేగం పెరగడం మామూలే. ఆక్సిమీటరులో 96 చూసి ఊరుకోకుండా నిమిషంపాటు ఛాతీని గమనించాలి.

అంకెలు బాగున్నా రోగి తేడాగా ఉన్నాడని నర్సుకు అనిపిస్తే అదీ పిలవడానికి కారణమేనని ఆ కాగితంలో చేర్చండి. 1990లో సిడ్నీలోని లివర్‌పూల్ ఆస్పత్రిలో మొదలైన ఇలాంటి బృందాన్ని కూడా ఆ కారణంతో పిలిచే వెసులుబాటు ఉండేది. వచ్చిన బృందం "దీనికా పిలిచారు" అని విసుక్కుంటే మాత్రం వారి ఇన్‌చార్జితో మీరే మాట్లాడండి.