నాలుగు ప్రభుత్వ ఆఫీసులు కలిసి కొంటే ఖర్చు నిజంగా తగ్గుతుందా?

మేస్టారూ, మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. విశాఖలో మీదొక ప్రభుత్వ కాలేజీ, ఈ ఏడాది పర్చేజ్ కమిటీ మీ మెడకు చుట్టారు. దగ్గర్లోనే ఇంకో రెండు కాలేజీలు, ఒక హాస్టలు ఉన్నాయి. అందరూ అదే పేపరు, అవే టోనర్లు, అవే ట్యూబులైట్లు తలా ఒక రేటుకి కొంటున్నారు. అందరూ కలిసి ఒకే టెండరు పిలిస్తే ఏమైనా మిగులుతుందా, రూల్స్ ఒప్పుకుంటాయా అని అడిగారు.

మిగులుతుంది. రూల్స్ గురించైతే, కేంద్ర సంస్థలకు వర్తించే జీఎఫ్ఆర్ 2017 (జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, అంటే ప్రభుత్వ ఖర్చుల నిబంధనలు)లో 157వ రూల్ ఒకసారి చూడండి, పై అధికారి మంజూరు తప్పించుకోవడానికో, బిడ్డింగ్ తప్పించుకోవడానికో అవసరాన్ని ముక్కలు చేసి కొనకూడదనే ఉంటుంది. అంటే ముక్కలు చేసిన వాళ్ళని ఆడిట్ పట్టుకుంటుంది, కలిపి కొన్నందుకు పట్టుకున్న ఆడిట్‌ని నేను చూడలేదు. మీది రాష్ట్ర ప్రభుత్వ కాలేజీ కాబట్టి మీ శాఖ ఉత్తర్వులు విడిగా చూసుకోవాలి, కమిషనరేట్ నుంచి ఒక అనుమతి కాగితం తెచ్చుకుంటే నిద్ర పడుతుంది.

నేను ఈ ఊళ్ళోనే ఒక కేంద్ర సంస్థలో స్టోర్స్‌లో చేరి పర్చేజ్‌లో రిటైరయ్యాను. ఇలాంటి ఉమ్మడి కొనుగోళ్ళు కొన్ని చేశాం. బయటివాళ్ళు "ఎక్కువ కొంటే తక్కువకి ఇస్తాడు" అనే లెక్క ఒక్కటే చూస్తారు. అది నిజమే గానీ సగం నిజం.

మొదటిసారి మేం కలిపి కొన్నది ఏ4 పేపరు. ఇంతకంటే తేలికైన వస్తువు ఉండదనుకున్నాం. కూర్చున్నాక తెలిసింది, ఒకరు 75 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 75 గ్రాములు తూగే కాగితం) వాడతారు, ఒకరికి 80 కావాలి, ఇంకో ఆఫీసులో పెద్దసారు పలానా బ్రాండు తప్ప ముట్టరు, నాలుగో ఆయన ఫుల్‌స్కేప్ కూడా ఇందులోనే కలపమంటాడు. ఇవన్నీ ఒకే టెండర్లో పెడితే అది ఉమ్మడి టెండరు కాదు, నాలుగు చిన్న టెండర్లు ఒకే కవర్లో పెట్టినట్టు. పరిమాణం ఎక్కడా పెరగదు, రేటూ తగ్గదు. చివరికి రెండు రిమ్ములు తెప్పించి ఆయా ఆఫీసుల జెరాక్సు మిషన్లలోనే రెండు వైపులా ప్రింటు తీసి టేబుల్ మీద పెట్టాం. ఏది ఏదో చెప్పమంటే 80 కావాలన్నాయన 75 కాగితం పట్టుకుని "ఇదే బాగుంది" అన్నారు. దాంతో గొడవ తీరింది. బ్రాండు పేరు టెండర్లో ఎలాగూ రాయకూడదు కాబట్టి మందం, తెల్లదనం, సైజు రాసి వదిలేశాం. పొదుపులో పెద్ద ముక్క అక్కడే వచ్చిందని నా నమ్మకం, టెండరు ఇంకా పిలవకముందే.

రెండోది బిల్లు. టెండరు వేసేముందు మార్కెట్ రేటు ఎలా ఉందో కనుక్కుందామని డాబాగార్డెన్స్‌లో ఒక డీలరు దగ్గరికి వెళ్ళి, నలుగురం కలిసి ఇంత తీసుకుంటాం అని చెప్తే ఆయన క్యాలిక్యులేటర్ ముట్టుకోకుండా "బిల్లు ఎవరిస్తారు సార్? నలుగురూ ఇస్తారా, ఒకరే ఇస్తారా?" అన్నాడు. ఆయన భయం న్యాయమైనదే. నలుగురిలో ముగ్గురు నెలలోపు ఇచ్చి నాలుగో ఆయన ఆరు నెలలు తిప్పితే, ఆ ఆరు నెలల వడ్డీ ముందే అందరి రేట్లో కలిపేస్తాడు. అంటే బాగా కట్టేవాడు కూడా ఆలస్యంగా కట్టేవాడి రేటు మోస్తాడు. ఎమ్ఎస్ఎమ్ఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం చిన్న సరఫరాదారుకి 45 రోజుల్లోపు చెల్లించాలి, దాటితే బ్యాంకు రేటుకి మూడింతల చక్రవడ్డీ ఇవ్వాలి, కానీ ఆ వడ్డీ అడిగి వచ్చే ఏడాది ఆర్డరు పోగొట్టుకునే డీలరు ఎవరుంటారు చెప్పండి. అందుకని మేం బడ్జెట్ ఉందని రాతపూర్వకంగా చూపించిన ఆఫీసునే కలుపుకున్నాం, లేనివాళ్ళని వచ్చే ఏడాదికి రమ్మన్నాం. కొందరికి కోపం వచ్చింది.

ఇంత చిన్న విషయాలు చెప్తున్నానని అనుకోకండి, పెద్ద లెక్కల్లోనూ ఇదే కనపడుతుంది. జనానికి చవగ్గా ఎల్ఈడీలు ఇచ్చే ఉజాలా పథకం కోసం ఈఈఎస్ఎల్ అనే ప్రభుత్వ రంగ సంస్థ దేశం మొత్తానికి ఎల్ఈడీ బల్బులు కలిపి కొన్నప్పుడు, 2014లో 310 రూపాయలున్న కొనుగోలు ధర 2016కి 38కి దిగింది. అందులో ప్రపంచమంతా చిప్ ధరలు పడిపోవడం కూడా ఉంది, మొత్తం ఘనత టెండరుకే ఇవ్వలేం, కానీ ఒకే రకం బల్బుకి అంత గిరాకీ, పదేపదే బిడ్డింగ్ లేకపోతే ఆ తగ్గుదల మనదాకా అంత త్వరగా వచ్చేది కాదు. ఇంకోటి, నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ ఆసుపత్రులు. మన అగనంపూడి దగ్గరున్న హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి టాటా మెమోరియల్ వాళ్ళది కదా, ఆ టాటా మెమోరియలే నడిపే గ్రిడ్ అది. అందులో 23 ఆసుపత్రులు 40 మందులకి కలిసి బేరమాడి దాదాపు 1,320 కోట్లు మిగుల్చుకున్నాయి. మన స్టీల్ ప్లాంటు కూడా విదేశీ కోకింగ్ కోల్‌ని (ఉక్కు తయారీకి వాడే బొగ్గుని) చాలాకాలం ఇంకో ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్‌తో కలిసి ఉమ్మడి కమిటీ ద్వారానే కొంది.

మీ లైబ్రరీ ఇన్‌ఛార్జిని కూడా ఒక మాట అడగండి. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ (దేశమంతటికీ ఒకే జర్నల్ చందా) పథకం కింద కేంద్రం మూడేళ్ళకి 6,000 కోట్లు పెట్టి 30 పబ్లిషర్ల దగ్గర 13,000 పైచిలుకు జర్నల్స్ కొంది, 2025 జనవరి నుంచి రాష్ట్ర ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకీ వర్తిస్తుంది. అందులో ఉన్న జర్నల్‌కి మీరు విడిగా చందా కడుతుంటే అది ఊరికే పోయే డబ్బు.

ఇక డెలివరీ. పేపరు రేటు బాగా తగ్గిందని సంబరపడి అందరికీ ఒకేచోట దింపించుకున్నారనుకోండి, అక్కణ్ణుంచి ఆటో ట్రాలీ బాడుగ, కళాసీల కూలి, స్టోర్‌రూములో చెదలు, ఇవన్నీ కలిపితే మిగిలిందంతా అటే పోతుంది. పైగా ఆ కళాసీ కూలి ఏ హెడ్డు (ఖర్చు పద్దు) కింద రాయాలో తెలీక అటెండర్లు జేబులోంచి ఇచ్చుకోవడం నేను చూశాను. కాబట్టి టెండర్లోనే ప్రతి ఆఫీసు చిరునామా రాసి, స్టోర్‌రూము లోపల దింపేదాకా రేటు అడగండి. ఒకేసారి కాకుండా మూడు నెలలకోసారి ఇచ్చేలా రేట్ కాంట్రాక్టు (రేటు ముందే ఖాయం చేసుకుని, సరుకు విడతలుగా తీసుకునే ఒప్పందం) పెట్టుకుంటే ఇంకా మంచిది. అందులో ఫాల్ క్లాజ్ మరిచిపోవద్దు, కాంట్రాక్టు నడుస్తుండగా సరఫరాదారు అదే సరుకుని వేరే ఎవరికైనా ఇంకా తక్కువకి అమ్మితే మనకీ ఆ రేటే ఇవ్వాలి. ఇది చాలామంది రాస్తారు గానీ ఎవరూ అడగరు. జెమ్ పోర్టల్లో (ప్రభుత్వ ఆఫీసులు కొనే ఆన్‌లైన్ మార్కెట్లో) అదే సరుకు ఎంతకుందో అప్పుడప్పుడు చూస్తుంటే అడగడానికి ఆధారం దొరుకుతుంది.

అన్నీ కలపాలనీ లేదు. హాస్టలు కూరగాయలు, పాలు, ప్లంబర్ పనులు, ఏసీ రిపేర్లు వదిలేయండి. అక్కడ రేటు కంటే పిలిస్తే వచ్చేవాడు ముఖ్యం. ల్యాబ్ పరికరాలు కూడా నేనైతే కలపను, ఫిజిక్స్ వాళ్ళ మధ్యే స్పెసిఫికేషన్ కుదరదు, మూడు కాలేజీల మధ్య ఏం కుదురుతుంది. పేపరు, టోనర్, ఎల్ఈడీ లైట్లు, హాస్టల్ పరుపులు, ఫినాయిలు, ఇవి చాలు మొదటి ఏడాదికి.

ఒక్క ఇబ్బంది మాత్రం నిజంగానే ఉంది. ఆర్డరు పెద్దదైతే టర్నోవరు షరతు (బిడ్డరుకి ఏడాదికి ఇంత వ్యాపారం ఉండాలనేది) కూడా పెద్దదవుతుంది, అప్పుడు పూర్ణా మార్కెట్ చిన్న దుకాణాలు పోటీలోకే రావు, హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో ఒక పెద్ద కంపెనీ వచ్చి తీసుకుపోతుంది. కేంద్ర సంస్థలకైతే కొనుగోళ్ళలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి తీసుకోవాలనీ, ఎల్1 (అందరికంటే తక్కువ కోట్ చేసినవాడు) కంటే 15 శాతం లోపు ఎక్కువ కోట్ చేసిన చిన్న సంస్థ ఎల్1 రేటుకి దిగితే కొంత ఆర్డరు ఇవ్వాలనీ విధానం ఉంది. మీకు ఆ నిబంధన నేరుగా వర్తించకపోయినా అదే పద్ధతిలో ఆర్డరుని రెండు మూడు లాట్లుగా (ఒకే టెండర్లో విడి భాగాలుగా) పెట్టొచ్చు, కావాలని టర్నోవరు పెంచకుండా ఉండొచ్చు. ముగ్గురు బిడ్డర్లు పోటీ పడిన చోట వచ్చే రేటు ఒక్కడే మిగిలిన చోట రాదు, ఆ ఒక్కడు ఎంత పెద్దవాడైనా.

టైమింగ్ చెప్పి ఆపుతాను. మార్చి నెలాఖరులో బడ్జెట్ మురిగిపోతుందని హడావిడిగా కొనేటప్పుడు కలిసి కొనడం కుదిరే పని కాదు. సెప్టెంబరులోపు నాలుగు ఆఫీసుల నుంచి పోయిన ఏడాది స్టాక్ రిజిస్టరులో వాడకం ఎంతో రాయించుకోండి. కావాల్సింది అడగొద్దు, వాడింది అడగండి, రెండింటికీ చాలా తేడా వస్తుంది. అక్టోబరులో స్పెసిఫికేషన్ మీద అందరి సంతకాలు తీసుకుని నవంబరులో టెండరు పిలిస్తే జనవరికి సరుకు, ఫిబ్రవరికి బిల్లు. స్పెసిఫికేషన్ ముసాయిదా రాశాక ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.